మూడు ఖాళీ పేజీలు

అచ్చాఫీసులో మధ్యాహ్నం భోజనాల వేళ. పనివాళ్లు బయటికి వెళ్లారు. అక్షరాల గడుల ముందు పిచ్చుకమ్మ ఒక్కతే నిలబడి ఉంది. గింజలు ఏరుకున్నట్టు అక్షరాలు ఏరి పేరుస్తుందని ఆ పేరు పెట్టారు. అసలు పేరు అడిగే తీరిక ఎవరికీ లేకపోయింది. బడి పెద్ద పంతులమ్మగారు, ఆ అచ్చాఫీసులోనే పుస్తకం వేయించుకున్నావిడ, వచ్చి అరగంటయింది. వచ్చిన పనేమిటో ఇంకా చెప్పలేదు.

"...అందుకని, రెండో ముద్రణలో ఆ ముప్పయ్యో పేజీ తప్పు ఒక్కటి సరిచేస్తే చాలు."

"రాసుకున్నానమ్మా. మీరు చెప్పడం ఇది మూడోసారి."

"మూడోసారా?"

"మూడోసారే. మంచినీళ్లివ్వనా? ఎండన పడి వచ్చారు."

"వద్దు, వద్దు. ఇక్కడెప్పుడూ ఇంత ఉక్కగానే ఉంటుందా? ఎలా నిలబడతారో ఏమిటో రోజంతా..."

"పంతులమ్మగారూ, మీరెందుకొచ్చారో నాకు తెలుసు."

"తెలుసా? ఏం తెలుసు?"

"ఏడాది నుంచీ కడుపులో పెట్టుకు తిరుగుతున్నాను. మీ గొంతు గుమ్మంలో వినపడితే చాలు, అక్షరాలు పేర్చుకునే స్టిక్కు కింద పెట్టేసేదాన్ని. ఇవాళ తేలిపోనివ్వండి. ఆ చివరి మూడు పేజీల సంగతేగా?"

"నెమ్మదిగా మాట్లాడు. లోపలెవరైనా ఉన్నారా?"

"అచ్చు మిషను మామయ్య ఒక్కడే, పక్క గదిలో కునుకు తీస్తున్నాడు. ఆయనకి ఫిరంగి పేలినా మెలకువ రాదు. తప్పు నాదేనమ్మా. తిట్టండి, పడతాను. మా యజమానిగారికి మాత్రం చెప్పకండి. మీరు రాసిచ్చిన దాంట్లో లేని అక్షరం ఒక్కటి పేర్చినా ఇక్కడ కొలువుండదు. కామా ఎక్కువేస్తేనే గడప బయట నిలబెడతారు. నేను వేసింది కామా కాదు, మూడు పేజీలు."

"అసలెందుకు వేశావు?"

"చెబితే సాకులా ఉంటుంది."

"చెప్పు. నేనూ తెలుసుకోవాలిగా."

"ఫారం అంటే పదహారు పేజీలు కదమ్మా, ఒక్క కాగితం మీద ఒకేసారి పడాలి. చివరి ఫారంలో మీ రాత పదమూడో పేజీకే అయిపోయింది. మూడు పేజీలు బోడిగా మిగిలాయి. మామూలుగా అయితే ఏ సబ్బుల ప్రకటనో, ఏ మందుల ప్రకటనో అతికిస్తాం. ఆ వారం ఒక్కటీ లేదు. యజమానిగారు ఊళ్లో లేరు. మీకు కబురు పంపితే జ్వరమన్నారు."

"అవును. ఆ వారమంతా మంచం మీదే ఉన్నాను."

"ఇక్కడ చూస్తే సిరా బాగా పట్టాలని మామయ్య తొందరపడి పొద్దున్నే కాగితం తడిపేశాడు. తడిపిన కాగితం ఆ రోజే అచ్చెక్కాలి, ఉంచితే బూజు పడుతుంది. వెయ్యి కాగితాలు! నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. 'ఏదో ఒకటి పేర్చవే పిచ్చుకా, నా కొంప ముంచకు' అన్నాడు. ఆయనకి అక్షరం ముక్క రాదు. నేనేం పేర్చినా ఆయనకొకటే."

"ఖాళీగా వదిలేయకపోయావా?"

"వదిలేద్దామనే అనుకున్నాను. స్టిక్కు చేతిలోకి తీసుకున్నాక చెయ్యి ఊరుకోలేదు."

"ముందు కాగితం మీద రాసుకోలేదూ?"

"అంత వ్యవధేదీ? తిన్నగా గడుల్లోంచి స్టిక్కులోకే. తలలో మాట తలలో ఉండగానే వేళ్లు పేర్చేశాయి."

"అయితే కాగితం లేదు."

"లేదండీ."

"ఎక్కడా? నీ దస్తూరీతో ఒక్క చిత్తు ముక్కైనా?"

"లేదమ్మా."

"ఆ పేర్చిన అక్షరాలో?"

"అచ్చయిన మర్నాడే విప్పి ఎవరి గడిలో వాళ్లని పడేశాం. ఈపాటికి వంద పుస్తకాల్లో తిరిగుంటాయి."

"హమ్మయ్య."

"ఏంటమ్మా?"

"ఏం లేదు. ఏం లేదు. నీళ్లిస్తానన్నావు."

"ఇదిగోండి. ...మీరు తిట్టలేదు."

"ఎందుకు తిడతాను?"

"ఇంకొకరైతే జుట్టు పట్టుకునేవారు. ఆరేళ్లు కూర్చుని రాసుకున్న పుస్తకం. పుస్తకం నిండా ఆడపిల్లలకి మీరు రాసిన అన్నేసి ఉత్తరాలు. ఈ ఊళ్లో ఆడదాని పేరుతో అచ్చయిన మొదటి పుస్తకం అని అందరూ అంటుంటే, దాని తోకకి నేను నా ఇంటి గోల కట్టాను. రెండో ముద్రణలో తీసేస్తానమ్మా. ఆ మూడు పేజీలకీ సరిపడా ప్రకటనలు కాళ్లావేళ్లా పడి నేనే తెస్తాను."

"తీసేయకు!"

"ఆఁ?"

"తీసేయకు అంటే తీసేయకు. ఉండనీ. ఉంటే ఏం పోయింది?"

"నిజంగానా? మీరు దేవతమ్మా."

"ఆ మాట అనకు."

"కాదు, మనస్ఫూర్తిగా..."

"అనకు అన్నానా!"

"ఎవరే పిచ్చుకా, అక్కడ అరుస్తోంది?"

"ఎవరూ కాదు మామయ్యా! పంతులమ్మగారు. పుస్తకంలో తప్పులు చూసుకుంటున్నాం. పడుకో నువ్వు."

"పంతులమ్మగారే! దండాలమ్మా, దండాలు. రేపు మీకు సభట గదా! ఊరంతా అదే మాట. మా ఆవిడ వాళ్ల చెల్లెల్ని పిలిపించుకుని మరీ చదివించుకుంది మీ పుస్తకం. చివర ఏదో చిన్నపిల్ల కథుందట, అక్కడికొచ్చేసరికి ఇద్దరూ ఒకటే ఏడుపు. ఏముందే అంతగా అంటే, 'నీకేం తెలుసు, నీది అచ్చు కొట్టడమేగా' అని నా మీద పడింది. వెయ్యి సార్లు కొట్టానమ్మా ఆ పేజీ, నా ఖర్మ, ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు."

"సరే, సరే, మీరు భోజనం చేశారా?"

"వెళ్తున్నానమ్మా, వెళ్తున్నాను. అన్నట్టు ఆ పాప మీ బడిలోనే రెండో తరగతట గదా? రేపు సభకి తెస్తున్నారట గదా? మా ఆవిడ పిల్లని చూడ్డానికే వస్తానంటోంది. ముందు వరసలో ఇంత చోటిప్పించండి తల్లీ, మీకు పుణ్యముంటుంది."

"చూద్దాం. మీరు వెళ్లి రండి."

"ఫిరంగికి లేవని మనిషి మీ గొంతుకి లేచాడు. వెళ్లాడు లెండి. ...ఏ పాపమ్మా?"

"ఆయన మాటలకేం. సగం నిద్రలో ఉన్నాడు."

"మీ బడిలో రెండో తరగతి పాప. ఎవరు?"

"పిచ్చుకమ్మా, ఆ స్టూలు ఇలా లాక్కుని కూర్చో."

"మేం పనివేళ కూర్చోమండీ. చెప్పండి."

"నా వైపు చూడకు. పని చేసుకుంటూ విను. నువ్వు చూస్తుంటే చెప్పలేను."

"చూడను. ఇదిగో, పేరుస్తున్నాను. చెప్పండి."

"ఆ పుస్తకం చదివినవాళ్లు నాకు ఉత్తరాలు రాశారు. నలభై మూడు."

"అబ్బో! మంచిదేగా."

"నలభై మూడూ ఆ మూడు పేజీల గురించే."

"...ఏ మూడు పేజీలు?"

"ఇంకేవి? నీవే. తల్లి పనిచేసే బల్ల కింద కూర్చుని ఆడుకునే పాప. తల్లి తనకి తెలియకుండా ఎక్కడికి పోతుందోనని, తల్లి కాలి బొటనవేలికీ తన మణికట్టుకీ దారం కట్టుకునే పాప. 'మా అమ్మకి చదివి వినిపించాను' అని ఒకావిడ. 'నా కూతురు గుర్తొచ్చింది' అని ఒకావిడ. ఒకాయనైతే, మగవాడు, పోలీసు ఉద్యోగం, కన్నీళ్లాగలేదని రాశాడు. నేను ఆరేళ్లు రాశాను పిచ్చుకమ్మా. నూట డెబ్భై మూడు పేజీలు. దాని గురించి ఒక్కరంటే ఒక్కరు ఒక్క ముక్క రాయలేదు."

"అయ్యో."

"అయ్యో అనకు! నువ్వు నన్ను చూసి జాలిపడితే నేను ఈ గుమ్మం దాటలేను. ఉత్తరాలన్నిటికీ జవాబు రాశాను. 'మీ అభిమానానికి కృతజ్ఞతలు' అని రాశాను. అభిమానం నా మీద కాదు, నాకు తెలుసు. అయినా రాశాను. మొదటి జవాబు రాసినప్పుడు చెయ్యి ఆగింది. పదోది రాసేటప్పటికి ఏమీ ఆగలేదు."

"నలభై మూడా అమ్మా? నా మాటలకా?"

"ఇంకా ఉంది. ఆడపిల్లల వాచకంలో వేస్తామని పుస్తకాల సంఘంవాళ్లు తీసుకున్నారు. ఆ మూడు పేజీలే. నా పేరుతో. రేపటి సభ అందుకే."

"వాచకంలోనా? అంటే బళ్లలో... పిల్లలందరూ చదువుతారా?"

"చదువుతారు."

"పంతులమ్మగారూ, ఒక్క మాట అడగనా? తప్పయితే అడగలేదనుకోండి."

"అడుగు."

"నా పేరు వేయొచ్చా? పెద్ద అక్షరాలక్కర్లేదు. అడుగున, చీమంత. ఇరవయ్యేళ్ల నుంచి లోకంలో వాళ్లందరి పేర్లూ పేర్చాను. చచ్చినవాళ్లవీ పేర్చాను, ఎన్నికల్లో ఓడిపోయినవాళ్లవీ పేర్చాను. నాదొక్కటీ పేర్చలేదు."

"వేయొచ్చు... కానీ చూడు, నీ కొలువు పోతుంది. యజమానికి తెలిస్తే ఊరుకుంటాడా? నీ మంచికే చెబుతున్నాను. వచ్చే ముద్రణలో నిదానంగా..."

"పోతే పోనివ్వండి. ఇంకో అచ్చాఫీసు లేకపోతుందా? చేతిలో పనుంది."

"అది కాదు పిచ్చుకమ్మా, తొందరపడితే..."

"మీకిష్టం లేదు. అర్థమైంది లెండి. ఊరికే అడిగాను."

"చూశావా నా బతుకు? నీ మంచికేనట! మా మరిది నా పుస్తకానికి తన పేరు వేస్తానన్నప్పుడు అచ్చం ఇలాగే అన్నాడు. 'వదినా, నీ మంచికే, ఆడదాని పేరు చూస్తే ఎవరూ కొనరు' అన్నాడు. ఏడాదిపాటు వాడితో మాట్లాడలేదు నేను. పోట్లాడి, ఏడ్చి, నా పేరు నేను వేయించుకున్నాను. ఇవాళ వాడి మాట నా నోట్లోంచే ఊడిపడింది. ఇందాక కాగితం లేదన్నావే, నాకు ప్రాణం లేచొచ్చింది. నువ్వేమో దేవతవంటున్నావు."

"నీళ్లు తాగండి. తాగండమ్మా, ఆ తర్వాత చెబుదురుగాని."

"నేను సాక్ష్యం ఉందో లేదో కనుక్కోడానికొచ్చాను. అదొక్కటే కాదు, ఇంకో పని మీద కూడా వచ్చాను. అది ఇంతకంటే సిగ్గుచేటు."

"ఇంకా ఏముంటుందమ్మా?"

"పోయిన ఏడు, పెద్ద పరీక్షల ముందు, పుస్తకాల సంఘం పెద్దావిడ బడికొచ్చింది. 'ఆ దారం పాప నిజంగా ఉందా, కల్పించారా?' అని అడిగింది. నాకేం తెలుసు? తెలియదంటే రాసింది నేను కాదని తేలిపోతుంది. నోరు దాని పని అది చేసుకుపోయింది. 'ఉంది, ఆ తల్లి నాకు తెలుసు, పాప మా బడిలోనే రెండో తరగతి చదువుతోంది' అన్నాను. ఆవిడ మురిసిపోయింది. ఊరంతా చెప్పింది."

"రెండో తరగతి అన్నారా?"

"అన్నాను. మొన్న కబురు పంపింది, రేపు సభలో ఆ పాపని వేదిక మీద తన పక్కన కూర్చోబెట్టుకుంటానని. నువ్వు రాసింది నీ కూతురి గురించేనని చదివిన రోజే ఊహించాను. నీ ఇంటి గోల అని నువ్వూ అన్నావు. అందుకని... పాపని రేపు ఒక్క గంట పంపుతావా? ఆవిడ పక్కన కూర్చుంటే చాలు, ఏమీ మాట్లాడక్కర్లేదు. ఎల్లుండి నుంచి నిజంగానే మా బడిలో వేసుకుంటాను. ఫీజు వద్దు, పుస్తకాలు నేనే కొంటాను. ఇదిగో, గౌను కూడా కుట్టించాను. మా రెండో తరగతి పిల్లని ఒకదాన్ని నిలబెట్టి కొలత తీయించాను. ...ఏమిటలా చూస్తావు? అబద్ధానికి పిల్లని అరువడుగుతోందని చూస్తున్నావా? అడుగుతున్నాను. సిగ్గు చంపుకుని అడుగుతున్నాను."

"పాప లేదమ్మా."

"లేదా? ఊరెళ్లిందా? రేపటికి రాదా?"

"పోయింది. ఆ పేజీలు పేర్చేనాటికే ఏడాదిన్నర."

"ఏంటి?"

"జ్వరం. అప్పటికి నాలుగున్నరేళ్లు దానికి. ఉంటే మొన్నటితో ఏడు నిండేవి."

"పిచ్చుకమ్మా! ఒక్క మాటైనా... అందులో ఎక్కడా లేదే! నవ్వుతూ ఉంటుంది కదా చివరిదాకా. పాటలు పాడుతూ ఉంటుంది."

"మూడు పేజీలేగా ఉన్నాయి. దాని పాటలూ, దాని దారం, బల్ల కింద దాని కాపురం, అవన్నీ పేర్చేసరికి పదహారో పేజీ అడుగుకొచ్చేశాను. ఇంకో పేజీ ఉంటే ఆ సంగతీ వచ్చేదేమో. లేదు. లేనందుకు నాకు సంతోషమైంది. కన్నతల్లిని, చూడండి, చోటు చాలనందుకు సంతోషపడ్డాను."

"నాకు తెలియదు. ఏడాది నుంచీ ఈ గదిలోకొస్తున్నాను. పాప ఎలా ఉందని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు."

"ఎవరూ అడగరు లెండి. అందులో 'నేను' అని పేర్చలేదు, చూశారా? 'ఒక తల్లి' అని పేర్చాను. ఎందుకో తెలుసా? మూడో రోజు పొద్దున జ్వరం తగ్గినట్టే ఉంది. పక్కింటావిడ నేను చూస్తానంది. పెళ్లి కార్డులు, అర్జెంటు, నువ్వు రాకపోతే కుదరదని ఇక్కణ్ణుంచి మనిషొచ్చాడు. అది నిద్రపోతోంది. నా వేలికి దారం అలాగే ఉంది. మెల్లగా విప్పాను. దానికి తెలియకుండా విప్పి వచ్చేశాను. కార్డు పేర్చి, రెండు వందలూ అచ్చయ్యేదాకా ఉండి వెళ్లేసరికి..."

"వద్దు. ఇంక చెప్పకు."

"దాని చేతికి దారం ఉంది. నా వేలి నుంచి విప్పిన కొస పట్టుకుని చూసిందట. అమ్మ ఏదని పక్కింటావిణ్ణి అడిగిందట. అందుకని 'నేను' అని పేర్చడానికి మొహం చెల్లలేదు. సిగ్గంటే మీ ఒక్కరిదే అనుకుంటున్నారు మీరు."

"నేను మనిషినేనా! చచ్చిపోయిన పిల్లకి గౌను కుట్టించి తల్లి దగ్గరికే తెచ్చాను. చాలు. ఇంక చాలు. రేపు సభలో లేచి అందరి ముందూ చెప్పేస్తాను. ఇది నేను రాయలేదని చెబుతాను. ఉత్తరాలు నావి కావని చెబుతాను. వాచకంలో నీ పేరే వేయిస్తాను, చీమంత కాదు, ఇంతింత అక్షరాల్లో. యజమానితో నేను మాట్లాడతాను. ఊళ్లో నా మొహాన ఉమ్మేస్తే ఉమ్మేయనీ. నీ పేరు... అవునూ, నీ అసలు పేరేమిటి? చూడు, నీ పేరు కూడా తెలియదు నాకు."

"నా పేరు చెబితే ఏమంటారమ్మా వాళ్లు?"

"ఏమంటారు? చప్పట్లు కొడతారు. వేదిక మీదికి పిలుస్తారు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాతేముంది?"

"ఆ పాప ఏదీ అంటారు. నన్నే అడుగుతారు."

"...అడుగుతారు."

"లేదని నేనే చెప్పాలి. అంతమందిలో. మిషను మామయ్య వాళ్లావిడ ముందు వరసలో కూర్చుని ఉంటుంది, పిల్లని చూద్దామని."

"ఏం చేస్తాం పిచ్చుకమ్మా? నిజం అదే కదా."

"ఇప్పుడు ఊళ్లో అందరూ అది మీ బడిలో చదువుకుంటోందనుకుంటున్నారా?"

"అనుకుంటున్నారు. నా పాపం."

"పొద్దున్నే లేచి, పలకా సంచీ తగిలించుకుని వెళ్తోందనుకుంటున్నారు."

"అవును."

"అయితే పేరొద్దమ్మా. దాన్నలాగే వెళ్తూ ఉండనివ్వండి."

"అదేమిటి? ఇందాక నువ్వే అడిగావు కదా! పిచ్చుకమ్మా, వద్దు, నాకింత శిక్ష వేయకు. నిజం చెప్పేస్తానంటే చెప్పనివ్వవా? రేపు వాళ్లడిగితే నేనేం చెప్పను? సంఘం పెద్దావిడ పక్కన కుర్చీ ఖాళీగా ఉంటే ఏం చెప్పను?"

"పాప వాళ్ల మేనత్త ఊరెళ్లిందని చెప్పండి. ...ఆ గౌను ఇలా ఇవ్వండి, చూడనివ్వండి."

"ఇదిగో."

"ఇది దానికి పొట్టయిపోతుందమ్మా. మీరు రెండో తరగతి కొలత తీయించారు. అది ఈ ఏడు మూడో తరగతిలోకి వచ్చింది కదా."